డెబ్బై కొట్టుకునే గుండెకు అభిమానం లేదట

2069 ఫిబ్రవరి 4, సోమవారం

ఈ పుస్తకం రాయమన్నది డాక్టర్ మెహర్. డిసెంబరులో మా ఆయన కౌశిక్ పాత గుండె తీసేసి యంత్రం గుండె పెట్టింది ఆవిడే. "రోజూ ఏం తిన్నారు, ఎంత నడిచారు, ఎలా ఉన్నారు, మూడు ముక్కలు రాయండి హిమబిందు గారూ. చేత్తోనే రాయండి. యంత్రాలు చెప్పేది నాకెలాగూ అందుతుంది, మనిషి కంటికి కనబడింది కావాలి" అంది. మనిషి కంటికి ఇంకా విలువ ఉందని విని చాలా ఏళ్ళయింది. అందుకని ఒప్పుకున్నాను.

తిన్నది: రెండు ఇడ్లీలు. నడిచింది: హాల్లో నలభై నిమిషాలు, అదీ కోపంతో. ఎలా ఉన్నాడు: ఎవరు దొరికితే వాళ్ళతో పోట్లాడేలా ఉన్నాడు.

పొద్దున్నే క్లబ్బు నుంచి కబురు వచ్చింది. మా ఇల్లు దాన్ని గట్టిగా చదివి వినిపించింది. "ప్రియమైన పితాని కౌశిక్ గారూ, గత మూడు మ్యాచుల్లో మీ గుండె వేగంలో ఎలాంటి మార్పూ కనిపించలేదు. కాబట్టి మిమ్మల్ని ప్రాణం గ్రేడు నుంచి దారినపోయేవారి గ్రేడుకు మారుస్తున్నాం. మీకు నచ్చే వేరే ఆట ఏదైనా ఉంటే వెతికిపెట్టడానికి మేం సిద్ధం. ఇట్లు, కాకినాడ కెరటాలు కబడ్డీ క్లబ్బు."

కౌశిక్ వయసు అరవై ఎనిమిది. అందులో నలభై ఏళ్ళు తూర్పు గ్యాలరీ తొమ్మిదో వరసలో నూట పన్నెండో సీట్లో గడిచాయి. కెరటాలు వరసగా పదకొండు సీజన్లు అట్టడుగున ఉన్నప్పుడు కూడా ఆ సీట్లో ఈ మనిషి ఉన్నాడు. అప్పట్లో స్టేడియంలో ఐస్‌క్రీములమ్మేవాళ్ళు ఎక్కువ, చూసేవాళ్ళు తక్కువ. మా పెళ్ళి రోజున కూడా తాళి కట్టి, మూడో ముడి సరిగ్గా బిగిసిందో లేదో చూడకుండా పంచె మడతలో దోపుకున్న ఫోన్లో స్కోరు చూశాడు. చేతిలో పట్టే ఫోనే లెండి, అద్దం పగిలింది. ఆ ఫోన్లు పోయి కళ్ళజోళ్ళొచ్చాయి. కళ్ళజోళ్ళు పోయి చెవిపూసలొచ్చాయి. ఆ తర్వాత ఇళ్ళే మాట్లాడ్డం మొదలుపెట్టాయి. ఇప్పుడు చేతికి కడియాలు. ఏం మారినా ఈయన మాత్రం కబడ్డీ కబడ్డీ అంటూనే ఉన్నాడు.

ఆ కడియమే ఇప్పుడు కొంప ముంచింది. ఆట చూస్తుంటే నాడి ఎంత పరిగెడితే అంత అభిమానం ఉన్నట్టు లెక్క. కౌశిక్ కొత్త గుండె నిమిషానికి డెబ్బై. నిద్రలో డెబ్బై, మెట్లెక్కితే డెబ్బై, కెరటాలు ఒక్క పాయింటుతో ఓడినా డెబ్బై.

ఇంకో సంగతి కూడా రాయాలి. మా ఇంట్లో ప్రాణం గ్రేడు ఇప్పుడు ఒక్కరికే ఉంది, అది నాకు. నాకు కబడ్డీలో ఎటు నుంచి ఎటు కూతకెళ్తారో కూడా తెలీదు. జంట పాసు కాబట్టి వెళ్ళి కూర్చుంటాను. కానీ నాకు థైరాయిడ్ ఉంది. ఊరికే కూర్చున్నా నా నాడి నూట నాలుగు.

ఫిబ్రవరి 6, బుధవారం

తిన్నది: ఏమీ లేదు, "వచ్చాక తింటా" అన్నాడు. నడిచింది: క్లబ్బు ఆఫీసులో ఒక బల్ల దగ్గర్నుంచి ఇంకో బల్ల దగ్గరికి, మొత్తం ఆరు.

ఆఫీసు పేరు అభిమాన ధ్రువీకరణ విభాగం. లోపల ధృతిక అనే అమ్మాయి కూర్చుని ఉంది, ముప్పై ఏళ్ళుంటాయి. నవ్వుతూ నమస్కారం పెట్టింది. వాళ్ళ నవ్వుకు కూడా గ్రేడు ఉంటుందేమో నాకు తెలీదు.

కౌశిక్ చొక్కా గుండీలు విప్పి ఛాతీ మీద కుట్లు చూపించాడు. "అమ్మా, ఇది యంత్రం. దీనికి కబడ్డీ తెలీదు. నాకు తెలుసు."

"ఆయ్, అర్థమైందండి. కానీ మా దగ్గర గుండెకే కొలత ఉందండి, మనిషికి లేదు."

"రెండువేల ముప్పై ఒకటి సెమీఫైనల్లో చివరి కూత ఎవరిదో అడుగు. ఏ కాలు ముందు పెట్టాడో అడుగు."

"అవన్నీ రికార్డులో ఉన్నాయి కదండీ, మీరు గుర్తుపెట్టుకోవాల్సిన పనేముంది?" అంది ఆ పిల్ల, నిజంగానే ఆశ్చర్యపోతూ. పాపం, వెటకారం కాదు.

నేను కలగజేసుకుని, "నాకు ప్రాణం గ్రేడు ఉంది. మా కెప్టెన్ పేరు కూడా నాకు తెలీదు. దానికేమంటావు?" అన్నాను.

ధృతిక నా వివరాలు చూసి కుర్చీలోంచి లేచి నిలబడింది. "మేడమ్, మీరు జిల్లాలో నాలుగో స్థానంలో ఉన్నారు! మీలాంటి వాళ్ళ వల్లే ఈ ఆట బతుకుతోంది." నాకు ఒక జెండా, నీళ్ళ సీసా ఇచ్చింది. కౌశిక్‌కు ఒక కరపత్రం ఇచ్చింది. "ప్రశాంత జీవితానికి పది మార్గాలు" అని ఉంది దాని మీద.

ఫిబ్రవరి 9, శనివారం

తిన్నది: అన్నం, పప్పు, ఆవకాయ. (డాక్టరు గారూ, ఆవకాయ కొంచెమే.) నడిచింది: మెట్లు. లిఫ్టు ఎక్కనంటున్నాడు.

దారినపోయేవాడు కావడమంటే ఏంటో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. కౌశిక్ తలుపు తీస్తే ఫ్రిజ్జు కెరటాల నీలం రంగు మానేసి బూడిద రంగుకు తిరుగుతుంది. లిఫ్టు నాకైతే జట్టు పాట పాడుతుంది, ఆయనొక్కడే ఎక్కితే వాతావరణ సమాచారం చెబుతుంది. ఇంట్లో మ్యాచ్ పెడితే నా కళ్ళకు బొమ్మ కనబడుతుంది, ఆయన కళ్ళకు గోడ కనబడుతుంది. దారినపోయేవాళ్ళకు మర్నాడు పొద్దున్న ఏడింటికి మూడు వాక్యాల సారాంశం వస్తుంది, అంతే. గ్రేడున్నవాళ్ళు ఫలితం ముందే చెబితే వాళ్ళ గ్రేడు ఊడిపోతుంది. వీధిలో కేకలు నిషేధించి ఇరవై ఏళ్ళయింది కాబట్టి పక్కింటి గోల వినే అవకాశం కూడా లేదు. ఎవరి గెలుపు వాళ్ళ చెవిపూసల్లోనే.

ఈ సాయంత్రం మ్యాచ్ జరుగుతుంటే ఆయన నా ఎదురుగా కుర్చీ వేసుకుని, గోడ వైపు కాకుండా నా మొహం వైపు చూస్తూ కూర్చున్నాడు.

"ఏంటి, నా మొహంలో స్కోరుందా?" అన్నాను.

"నువ్వు కాస్త ముందుకు వంగావు. పట్టు దొరికిందా మనోళ్ళకి?"

"నడుం నొప్పి, కౌశిక్."

లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. నవ్వొస్తుందనుకున్నాను. రాలేదు.

ఫిబ్రవరి 15, శుక్రవారం

తిన్నది, నడిచింది రాయడం లేదు. డాక్టరు గారూ, ఈ పేజీ మీరు తప్పకుండా చదవాలి.

ఇల్లు చెప్పింది: "కౌశిక్ గారికి సోమవారం పదింటికి ఉద్వేగ సౌకర్యం అమర్చే అపాయింట్‌మెంటు ఉంది." నేను వింటున్నానని ఆయన చూసుకోలేదు.

ఆ సౌకర్యం ఏమిటో వాళ్ళ ప్రకటనలోనే ఉంది. యంత్రం గుండెకు చిన్న మార్పు చేస్తారు. కడియం ఆట ఉధృతి చెబితే గుండె నూట నలభైకి ఎగురుతుంది. "మళ్ళీ అభిమాని అవ్వండి!" అని ప్రకటనలో ఓ ముసలాయన ఎగిరి గంతేస్తున్నాడు. మీకు ఫోన్ చేశాను గుర్తుందా? "ఆయన రక్తనాళాలకు అంత ఒత్తిడి తట్టే శక్తి లేదు. రెండోసారో మూడోసారో సీట్లోనే పోతారు" అన్నారు.

ఆ మాటే ఆయనకు చెప్పాను.

"తెలుసు, చదివాను" అన్నాడు.

"చదివి?"

"కొందరు పోతారని రాశారు గానీ, అందరూ పోతారని రాయలేదు కదా."

"మనిషివేనా నువ్వు? ఒక కడియం నిన్ను మెచ్చుకోవాలని చచ్చిపోతావా?"

మెల్లగా అన్నాడు. "కడియం సంగతి కాదు బిందూ. ఆపరేషన్ అయ్యాక మొదటి మ్యాచ్‌లో లోవరాజు ముగ్గుర్ని ముట్టుకుని వచ్చాడు చూడు. అందరూ లేచారు, నేనూ లేచాను. లోపల ఏమీ కొట్టుకోలేదు. గొంతు అరుస్తోంది, చేతులు ఊగుతున్నాయి, ఇక్కడ మాత్రం డెబ్బై. ఆ క్లబ్బోళ్ళు చెప్పేది నిజమేనేమో అనిపిస్తోంది. పాత గుండెతో పాటు అది కూడా తీసేశారేమో."

అపాయింట్‌మెంటు రద్దు చేయించాను. బదులుగా నా పద్ధతిలో ఒక ఉపాయం చెప్పాను. డాక్టరు గారూ, ఇది నేరమే గానీ ప్రాణాంతకం కాదు.

ఫిబ్రవరి 17, ఆదివారం

తిన్నది: స్టేడియంలో మొక్కజొన్న. నడిచింది: గేటు నుంచి సీటు దాకా, తర్వాత సీటు నుంచి గేటు దాకా.

దిగజారినవాళ్ళకు క్లబ్బు ఒకే ఒక్క పునఃపరీక్ష మ్యాచ్ ఇస్తుంది. గేటు దగ్గర ముఖానికీ కడియానికీ సరిపోతే చాలు. లోపలికెళ్ళాక ఆయన కడియం తీసి నా కాలి చీలమండకు బిగించాను. రెండు కడియాలు, ఒకే నాడి. నేను ఇద్దరి తరఫునా అభిమానించాలి.

ఇక్కడొక చిక్కొచ్చింది. కాలి దగ్గర నాడి చేతి దగ్గరంత గట్టిగా దొరకదు, నూట నాలుగు చాలదు. ఇంకా పెంచాలి. ఆటను చూస్తే నాకు ఆవలింతలొస్తాయి. అందుకని కళ్ళు మూసుకుని కౌశిక్ చేసిన ఘనకార్యాలు ఒక్కొక్కటే తల్చుకున్నాను. పురిటి నొప్పులొస్తుంటే "హాఫ్‌టైమ్‌కు వెళ్దాం" అన్నాడు. నూట పదహారు. మా అమ్మ పెద్దకర్మ రోజు చెవిపూస పెట్టుకుని, అందరూ ఏడుస్తుంటే "అయ్యో, ఔట్!" అన్నాడు. నూట ముప్పై. వంటింటి గోడకు నాకు చెప్పకుండా కెరటాల నీలం రంగు వేయించాడు. నూట ముప్పై నాలుగు! కడియాలు రెండూ వెలిగిపోయాయి.

మరీ ఎక్కువ వెలిగిపోయాయి. రెండో అర్ధభాగం మధ్యలో పెద్ద తెర మీద మా ఇద్దరి మొహాలు. "ఒకే గుండె జంట! లయకు లయ సరిపోయిన రెండు నాడులు!" ఇరవై వేలమంది చప్పట్లు. రంగురంగుల కోటు వేసుకున్న వ్యాఖ్యాత పరిగెత్తుకుంటూ వచ్చి కౌశిక్ మూతి దగ్గర మైకు పెట్టాడు.

"అంకుల్, ఇంత గొప్ప దాంపత్య రహస్యం ఏంటో మా అందరికీ చెప్పండి!"

నేను ఆయన చెయ్యి గిల్లాను. గిల్లినా లాభం లేదని తెలుసు. జిల్లా జట్టులో ఆడే రోజుల్లో, రిఫరీ చూడకపోయినా తనను ముట్టుకున్నారనిపిస్తే చెయ్యెత్తి బయటికి నడిచే రకం. ఆ అలవాటు వల్లే రాష్ట్ర జట్టుకు ఎంపిక కాలేదు.

"నా కడియం మా ఆవిడ కాలికుంది బాబూ. తప్పు నాది. ఉపాయం కూడా నాదే" అన్నాడు.

ఉపాయం నాది. ఆ ఒక్క అబద్ధమే ఆడాడు.

ఫిబ్రవరి 18, సోమవారం

ఆయనకు జీవితకాల నిషేధం. నాకు హెచ్చరిక మాత్రమే, "మీ స్వచ్ఛమైన ఉద్వేగాన్ని దుర్వినియోగం చేశారు" అని సానుభూతి కూడా. జిల్లాలో నా స్థానం రెండుకు పెరిగింది.

నూట పన్నెండో సీటు వేరే ఎవరికో ఇచ్చేశారు.

మార్చి 8, శుక్రవారం

తిన్నది: అన్నీ. నడిచింది: పార్కులో గంట. ఎలా ఉన్నాడు: ఇరవై రోజులు మౌనం, ఇవాళే నోరు విప్పాడు. కెరటాలు ఫైనల్‌కు వచ్చారు, ముప్పై నాలుగేళ్ళ తర్వాత. ఎల్లుండి సాయంత్రం నాలుగింటికి బెజవాడ బాణాలతో మన ఊళ్ళోనే.

"నువ్వు వెళ్ళు" అన్నాడు.

"వెళ్ళి?"

"చూసి రా. వచ్చి చెప్పు. మొత్తం, ఒక్కో కూతా. ఎవరు గెలిచారో ముందు చెప్పకు."

లోపల రికార్డింగ్ కుదరదు. కాగితం, కలం కూడా తీసుకెళ్ళనివ్వరు. బుర్రలో పెట్టుకుని రావాలి. నాకు కెప్టెన్ పేరు కూడా తెలీదన్నాను కదా, అందుకని శిక్షణ మొదలైంది. భోజనాల బల్ల మీద సుద్దతో గీతలు గీశాడు. ఏడు గిన్నె మూతలు మనవాళ్ళు, ఏడు గ్లాసులు బెజవాడ.

"ఇది మధ్య గీత. లోవరాజు కూత పెడుతూ అవతలికి వెళ్తాడు, ముప్పై సెకన్లలో ముట్టుకుని ఇవతలికి రావాలి. ఇది బోనస్ గీత. అవతల ఆరుగురికి తగ్గకుండా ఉన్నప్పుడు ఒక కాలు దీన్ని దాటి, వెనక కాలు గాల్లో ఉంటే ఒక పాయింటు. తర్వాత పట్టుబడినా ఆ పాయింటు పోదు. అందుకని కాళ్ళు చూడు, బిందూ. మొహాలు కాదు, కాళ్ళు."

"నలభై ఏళ్ళుగా నేను చూసిందేంటి మరి?"

"నువ్వు ఐస్‌క్రీములు చూశావు."

పై అంతస్తు జోసెఫ్ గారు మెట్ల మీదే విని లోపలికొచ్చారు. పోర్టులో క్రేన్ నడిపి రిటైరయ్యారు. బీపీ మాత్రలు వేసుకుంటే ఆయన నాడి ఎనభై దాటదు, నిరుడే దారినపోయేవాడయ్యారు. "చెల్లెమ్మా, నేనూ వినొచ్చా?" అని అడిగారు. తర్వాత ఎదురింటి నాగమణి గారు, ఎనభై ఎనిమిదేళ్ళావిడ. ఆవిడకు అసలు కడియమే పనిచెయ్యదు, చెయ్యి అంత సన్నం. మా ఒక్క భవనంలోనే దారినపోయేవాళ్ళు పదకొండుమంది తేలారు. ఎవరూ పైకి చెప్పుకోలేదు, సిగ్గు.

మార్చి 10, ఆదివారం

తిన్నది, నడిచింది మీ యంత్రాన్ని అడగండి డాక్టరు గారూ. ఇవాళ నా సంగతి రాసుకుంటాను.

కూర్చోగానే కాళ్ళు చూడ్డం మొదలుపెట్టాను. అయిదు నిమిషాల్లో తెలిసింది, ఇదంతా కాళ్ళతో ఆడే పేకాటని. లోవరాజు ఎడమకాలు ఒకటి చెబుతుంది, కుడికాలు ఇంకోటి చేస్తుంది. బెజవాడ కెప్టెన్ ఇంద్రనీల్ కదలకుండా నిలబడి ఆ రెండింట్లో ఏది అబద్ధమో చూస్తుంటాడు. నేను ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ లెక్కపెట్టుకుంటున్నాను. మూడో కూత, కుడి మూల, చెయ్యి తగిలింది. నాలుగో కూత, ఖాళీ. అయిదో కూత...

కడియం చెవిలో గుసగుసలాడింది: "మీ అభిమానం తగ్గుతోంది. దయచేసి స్పందించండి."

చూస్తే నాడి తొంభై ఒకటి. పుట్టి బుద్ధెరిగాక ఇంత ప్రశాంతంగా నేనెప్పుడూ లేను. శ్రద్ధగా చూడ్డం మొదలుపెట్టాక నా థైరాయిడ్ కూడా కుదుటపడినట్టుంది. మూడు హెచ్చరికలైతే సీటు మడిచేస్తారు. ఫైనల్‌కు బయట ఎదురుచూసే ప్రాణం గ్రేడువాళ్ళు చాలామంది.

తప్పక నీలం వంటింటి గోడను తల్చుకున్నాను. నూట పద్దెనిమిది. కడియం శాంతించింది. కళ్ళు తెరిచేసరికి రెండు కూతలు అయిపోయాయి. ఎవరు వెళ్ళారో, ఎవరు ఔటయ్యారో తెలీదు. కోపం తెచ్చుకుంటే ఆట కనబడదు, ఆట చూస్తే కోపం రాదు. ఈ క్లబ్బుకు కావాల్సింది ఆట చూడనివాళ్ళేనని నాకు అప్పటికి పూర్తిగా అర్థమైంది.

రెండో హెచ్చరిక హాఫ్‌టైమ్ తర్వాత వచ్చింది. మా అమ్మ పెద్దకర్మను తల్చుకుందామని చూశాను. ఈసారి కోపం రాలేదు. ఆ రోజు అందరూ వెళ్ళిపోయాక ఒక్కడే కూర్చుని గిన్నెలన్నీ తోమాడు. అది గుర్తొచ్చింది. అనవసరంగా. నాడి ఇంకా తగ్గింది. మొక్కజొన్న ధర తల్చుకుని గట్టెక్కాను.

ఆఖరి నిమిషం. మనం ముప్పై మూడు, వాళ్ళు ముప్పై నాలుగు. అవతల ఆరుగురు. చివరి కూత లోవరాజుది. చుట్టూ ఇరవై వేలమంది నిలబడ్డారు. అందరి కళ్ళూ తమ కడియాల మీద, ఎంత వెలుగుతున్నాయోనని. నా కళ్ళు లోవరాజు కాళ్ళ మీద.

"మూడో హెచ్చరిక. స్పందించండి."

స్పందించలేదు. కోపం తెచ్చుకోవడానికి నాకు ఇరవై సెకన్లు పడుతుంది. ఆ ఇరవై సెకన్లు నేనివ్వలేను.

కింద సీటు మడతపడింది. యూనిఫాం వేసుకున్న ఇద్దరు వచ్చి "ఆంటీ, దయచేసి" అన్నారు. చెరో రెక్కా పట్టుకున్నారు. నేను వెనక్కి నడుస్తూ మైదానం వైపే చూస్తున్నాను. లోవరాజు కుడివైపు ఊగాడు. ఇంద్రనీల్ కదల్లేదు. లోవరాజు ఎడమకాలు చాచి బోనస్ గీత దాటించాడు. వెనక కాలు లేచింది.

తలుపు మూసుకుంది.

బయట నిశ్శబ్దం. ట్రామ్ ఎక్కేసరికి నా కడియం బూడిద రంగైపోయింది. ట్రామ్ నాకు వాతావరణం చెప్పింది, రేపు ఎండ.

ఆరున్నరకు ఇల్లు చేరాను. కింద సైకిళ్ళ షెడ్డులో పదకొండుమంది కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. మధ్యలో మా భోజనాల బల్ల, దాని మీద మూతలు, గ్లాసులు. నా మొహం చూసి ఎవరైనా పసిగడతారని తల వంచుకున్నాను.

చెప్పడం మొదలుపెట్టాను. మొదటి కూత నుంచి. గంటంబావు చెప్పాను. నా గొంతు అంతసేపు వేరేవాళ్ళు వింటారని నేనెప్పుడూ అనుకోలేదు. మూత జరిపినప్పుడల్లా కుర్చీలు ముందుకు జరిగాయి. నాగమణి గారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. పోయిన రెండు కూతల దగ్గర కౌశిక్ లేచి నిలబడ్డాడు.

"రెండు కూతలు ఎలా పోతాయి? ఏం చేస్తున్నావు?"

"నిన్ను తిట్టుకుంటున్నాను."

"అది ఇంటికొచ్చి చేసుకోవచ్చు కదా!"

జోసెఫ్ గారు ఆయన్ని కూర్చోబెట్టారు. చివరి కూతకొచ్చాను. ఎడమకాలు గీత దాటింది, వెనక కాలు గాల్లోకి లేచింది. అక్కడ ఆగాను.

"చెప్పు" అన్నాడు కౌశిక్.

"అంతే. తలుపు మూసుకుంది. నన్ను బయటికి పంపేశారు."

జోసెఫ్ గారు "అంతేనా చెల్లెమ్మా?" అన్నారు, పసిపిల్లాడిలా. నేను బల్ల మీద చేతులు పెట్టి నిలబడ్డాను. ఇంతమందిని కూర్చోబెట్టి ఇంతదూరం తీసుకొచ్చి ఇక్కడ వదిలేశానే అనిపించి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కౌశిక్ మొహం చూడలేకపోయాను.

ఆయన కుర్చీ జరిపి నా పక్కకొచ్చాడు. "వెనక కాలు గాల్లోకి లేచిందా, ఈడ్చాడా?"

"లేచింది. జానెడు."

"ఇంద్రనీల్ ఎక్కడున్నాడు?"

"ఇక్కడ." గ్లాసు పెట్టాను.

"అయితే బోనస్ వచ్చేసింది. సమం. ఇప్పుడు లోవరాజు ఏం చేస్తాడో చెప్తా." మూత మీద వేలు పెట్టాడు. చెప్పాడు. లోవరాజు వెనక్కి తగ్గినట్టు నటించాడట. ఎడమ మూలవాడు ఆశపడి ముందుకొచ్చాడట. లోవరాజు ఒంటికాలి మీద తిరిగి వాడి భుజం తట్టి, ఇంద్రనీల్ నడుం పట్టుకుంటే వాణ్ణి కూడా ఈడ్చుకుంటూ, పాకుతూ, వేలికొస మధ్య గీతకు తగిలించాడట. మధ్యలో ఎక్కడా ఊపిరి తీసుకోలేదు కౌశిక్. చెమటతో చొక్కా వీపుకంటుకుపోయింది. "వచ్చేశాడు!" అని బల్ల మీద గుద్దాడు. గ్లాసులన్నీ కిందపడ్డాయి.

పదకొండుమంది అరిచారు. నేనూ అరిచాను. కేకలు నిషేధమని భవనం ఏడుసార్లు హెచ్చరించింది, ఎవరికీ వినబడలేదు. నాగమణి గారు కౌశిక్‌ను వాటేసుకున్నారు.

డాక్టరు గారూ, అప్పుడు ఆయన గుండె డెబ్బైలోనే ఉందని మీ యంత్రం చెబుతుంది. నేను కంటితో చూసింది మాత్రం ఇది.

మార్చి 11, సోమవారం

పొద్దున్న ఏడింటికి సారాంశం వచ్చింది. ఇద్దరికీ వచ్చింది, ఇప్పుడు నేను కూడా దారినపోయేదాన్నే.

"బెజవాడ బాణాలు 35, కాకినాడ కెరటాలు 33. చివరి కూతలో లోవరాజు పట్టుబడ్డాడు. మీ ఆసక్తికి ధన్యవాదాలు."

కౌశిక్ రెండుసార్లు చదివించుకున్నాడు. ఇడ్లీ ప్లేటు పక్కకు నెట్టేశాడు. కెరటాలు ఓడిన ప్రతిసారీ నలభై ఏళ్ళుగా చేస్తున్నట్టే టిఫిను మానేసి, బాల్కనీలో వీపు చూపించి కూర్చున్నాడు. ఈ మనిషిలోంచి ఆపరేషన్‌లో ఏదో తీసేశారట!

ఎనిమిదింటికి జోసెఫ్ గారు తలుపు కొట్టారు. ఆయన వెనకాల మిగతా తొమ్మిదిమంది. ఎవరూ కౌశిక్‌ను తప్పు పట్టడానికి రాలేదు. ఆయన చెప్పిన కూతే బాగుందట, ఆ లోవరాజు అలా ఆడకపోతే ఆయన తప్పేముందట. ఇల్లంతా ఓదార్పులు. "పోన్లెండి, ఓటమి ఓటమే" అని ఎవరో అన్నారు.

నేను మాత్రం వంటింట్లో నిలబడి లెక్కవేస్తున్నాను. ముప్పై మూడు దగ్గర నేను లేచొచ్చాను. పట్టుబడితే వాళ్ళకొక పాయింటు, ముప్పై అయిదు. సరే. మరి మనకు ముప్పై మూడే ఎలా ఉంటుంది?

"బోనస్ ఏది?" అన్నాను హాల్లోకొచ్చి.

అందరూ తిరిగి చూశారు.

"కాలు గీత దాటింది. వెనక కాలు గాల్లో ఉంది. అవతల ఆరుగురున్నారు, నేను లెక్కపెట్టాను. పట్టుబడినా ఆ పాయింటు పోదన్నావు కదా? ముప్పై నాలుగు, ముప్పై అయిదు ఉండాలి."

కౌశిక్ బాల్కనీలోంచి లోపలికొచ్చాడు. "అప్పుడూ ఓడినట్టే కదే."

"ఓడితే ఓడాం. అక్కడ ఇరవై వేలమంది కడియాలు చూసుకుంటున్నారు. రిఫరీ యంత్రం ఏం చూసిందో నాకు తెలీదు. కాలు చూసింది నేనొక్కదాన్నే."

కలం తీసుకుని క్లబ్బుకు ఉత్తరం మొదలుపెట్టాను. నాలుగు పేజీలైంది, ఇంకా మొదటి అర్ధభాగమే నడుస్తోంది. కౌశిక్ ఇడ్లీ ప్లేటు తెచ్చుకుని పక్కన కూర్చుని, తింటూ, "ఎడమకాలని రాయి. ఎడమకాలని రాశావా?" అని విసిగిస్తున్నాడు. రాశాను. కప్పు వాళ్ళనే ఉంచుకోమని కూడా రాశాను. ఆ పాయింటు మాత్రం మాది.